పక్క సైటులో పిల్లర్లు లేస్తున్నాయా? కాలనీవాళ్ళు వరసగా చేయాల్సిన పనులు

పక్క ప్లాటులో పాత ఇల్లు కూల్చారు. బోరు లారీ వచ్చి వెళ్ళింది. పదిరోజుల్లో పిల్లర్ల గుంతలు తవ్వేశారు. అడిగితే 'జీ ప్లస్ టూ అన్నా, మా ఇద్దరబ్బాయిలకు' అన్నారు. మీరూ సంతోషించారు. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఐదు స్లాబులు, పైన పెంట్‌హౌస్, మీ వంటింటి కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో వాళ్ళ బాల్కనీ. గేటుకు 'టు లెట్' బోర్డు.

హైదరాబాద్ శివారులో ఒక మామూలు కాలనీకి నేను కొన్నేళ్ళు సంక్షేమ సంఘం కార్యదర్శిగా పనిచేశాను. పై కథ మా వీధిదే. మేం మేల్కొన్నది మూడో స్లాబు పడ్డాక. ఆ తర్వాత ఎన్ని కాగితాలు పెట్టినా ఆ బిల్డింగు ఇప్పటికీ అలాగే ఉంది. రెండోసారి ఇంకో వీధిలో పిల్లర్ల దశలోనే పట్టుకున్నాం, ఆగింది. అందుకే ఈ వరస రాస్తున్నాను. తెలంగాణ పద్ధతిలోనే రాస్తున్నాను, ఆంధ్రలో తేడా ఉన్నవి చివర చెప్తాను.

ముందు మీ గోడ కొలుచుకోండి

నవ్వకండి, మొదటి పని ఇదే. ఫిర్యాదు పెట్టే ముందు టేపు పట్టుకుని మీ ఇంటి చుట్టూ తిరగండి. సెట్‌బ్యాక్ స్థలంలో, అంటే ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన చోట, మీరు వేసుకున్న రేకుల షెడ్డు, బయటికి తోసిన మెట్లు, రోడ్డు మీదికి వచ్చిన ర్యాంపు ఉన్నాయా? ఉంటే మీ ఫిర్యాదు వెళ్ళిన వారంలోపే మీ మీద ఫిర్యాదు వస్తుంది. మా సంఘంలో గట్టిగా మాట్లాడిన పెద్దాయన అందుకే మధ్యలో చల్లబడిపోయారు. తీసేయగలిగినవి తీసేయండి. లేదంటే ముందు వరసలో నిలబడే మనిషిని మార్చండి.

ఏ ఆఫీసు కింద ఉన్నారో తేల్చుకోండి

సిటీ నడిబొడ్డున ఉన్నవాళ్ళకు ఈ గొడవ లేదు. శివారు వాళ్ళకే. మొన్న గ్రామ పంచాయతీ, నిన్న మున్సిపాలిటీ, తర్వాత కార్పొరేషన్. 2025 చివర్లో బోడుప్పల్, పీర్జాదిగూడ, నిజాంపేట, మణికొండ లాంటి 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను గ్రేటర్‌లో కలిపాక సర్కిళ్ళు, జోన్లు మళ్ళీ మారాయి. పాత ఆఫీసుకు వెళ్తే 'మాది కాదు' అంటారు. తాజా ఆస్తిపన్ను డిమాండ్ నోటీసు చూడండి, సర్కిల్ పేరు దాని మీద ఉంటుంది. ఆ సర్కిల్‌లో టౌన్ ప్లానింగ్ విభాగానికి పెద్ద అసిస్టెంట్ సిటీ ప్లానర్, అందరూ ఏసీపీ అంటారు. మీ కాగితం ఆయన పేరు మీదే వెళ్ళాలి. వీధిలో తిరిగే కింది ఉద్యోగి చైన్‌మన్‌తో చెప్పి వచ్చి ఫిర్యాదు చేశాం అనుకోకండి. మీరు చెప్పిన సంగతి ఆ సాయంత్రానికే కట్టేవాళ్ళకు చేరినా ఆశ్చర్యం లేదు.

అనుమతి కాగితం సంపాదించండి

కొట్లాట మొత్తం ఈ కాగితం మీదే నడుస్తుంది. 'ఐదంతస్తులు కడుతున్నారు' అనడం ఫిర్యాదు కాదు. 'స్టిల్ట్ మీద రెండంతస్తులకు అనుమతి తీసుకుని మూడో అంతస్తుకు సెంట్రింగ్ కొడుతున్నారు' అనేది ఫిర్యాదు. స్టిల్ట్ అంటే కింద పార్కింగ్ కోసం వదిలే పిల్లర్ల అంతస్తు.

ఇళ్ళ అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటకుండా కట్టుకుంటే అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయితో రిజిస్టర్ చేసుకుంటే చాలు. అది దాటి 500 చదరపు మీటర్ల వరకు, అంటే సుమారు 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు అయితే సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. కాలనీల్లో కట్టే ఇళ్ళలో చాలావరకు ఈ రెండో రకమే. ఇక్కడే ఉంది కిటుకు: అనుమతి ఇచ్చేటప్పుడు ఎవరూ వచ్చి సైటు చూడకపోవచ్చు. యజమాని 'నేను ఇలాగే కడతాను' అని రాసి ఇచ్చిన మాట మీద నడిచే పద్ధతి అది. కాబట్టి ఆ మాట తప్పితే కనిపెట్టేది మొదట పక్కింటివాళ్ళే. అంతకంటే పెద్ద స్థలమో, ఎక్కువ ఎత్తో అయితే సింగిల్ విండోలో 21 రోజుల్లో తేల్చాలి. 2025 నుంచి కొత్త దరఖాస్తులు బిల్డ్‌నౌ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి మారాయి.

కాగితం దొరికే దారులు మూడు. ఒకటి, సైటు దగ్గరే. 2024 డిసెంబర్ 17న మీరట్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు, కట్టడం నడిచినంతకాలం ఆమోదించిన ప్లాను సైటులో అందరికీ కనపడేలా పెట్టాలని చెప్పింది. బోర్డు లేకపోతే అదే మీ ఫిర్యాదులో మొదటి వాక్యం. రెండు, మర్యాదగా ఓనరునే అడగడం. ఇది చిన్న విషయం అనుకోకండి. పునాది దశలో 'బాబాయ్, ప్లాను ఒకసారి చూపిస్తారా, మా గోడ వైపు ఎంత వదులుతున్నారు' అని అడిగితే సగం మంది చూపిస్తారు. మీరు చూస్తున్నారని తెలియడం వల్లే అరడుగు లోపలికి జరిగిన గోడలు నాకు తెలుసు. మూడోది సమాచార హక్కు. దాని గురించి కింద విడిగా రాశాను.

ప్లాను చేతికొచ్చాక మూడు అంకెలు చూడండి: ఎన్ని అంతస్తులు, మొత్తం ఎత్తు ఎంత, నాలుగు వైపులా ఎంతెంత ఖాళీ వదలాలి. ఖాళీ ఎంత అనేది 2012 ఏప్రిల్ నాటి జీవో 168లో స్థలం సైజును, ఎత్తును బట్టి పట్టికగా ఉంటుంది. ఆ పట్టిక బట్టీ పట్టనక్కర్లేదు. ప్లాను మీద రాసిన అంకెకూ, నేల మీద ఉన్న అంకెకూ తేడా ఎంత అన్నదే మీకు కావాల్సింది.

కొలవండి, ఫోటో తీయండి, అరవకండి

అవతలి సైటులోకి అడుగు పెట్టొద్దు. మీ మేడ మీద నుంచో, రోడ్డు మీద నుంచో తీయండి. వారానికి ఒక ఫోటో, అదే చోట నిలబడి, అదే కోణంలో. ఫోనులో తేదీ, సమయం పడేలా సెట్ చేసుకోండి. స్లాబు పడిన రోజు తప్పకుండా తీయాలి. 'ఇది ఎప్పుడో కట్టింది సార్' అనే వాదన ఎక్కువసార్లు ఓడేది ఇలాంటి ఫోటో దగ్గరే.

వాట్సాప్ గ్రూపులో పెట్టి నలుగురితో తిట్టించడం వల్ల ఒరిగేదేమీ లేదు. అందులో బిల్డరు బావమరిది కూడా ఉంటాడు. రాత్రి పది దాటాక కాంక్రీటు మిల్లర్ మోగుతుంటే అది వేరే ఫిర్యాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతంలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి. అప్పుడు 100కు ఫోన్ చేయండి. దాన్నీ అంతస్తుల గొడవనీ ఒకే కాగితంలో కలపకండి.

ఫిర్యాదు ఒక్క పేజీ

మా మొదటి ఫిర్యాదు నాలుగు పేజీలు. అందులో కాలనీ చరిత్ర, ఓనరు అహంకారం, ఎండ పడక తులసి చెట్టు ఎండిపోయిన సంగతి అన్నీ ఉన్నాయి. అంకెలు మాత్రం లేవు. అది ఎక్కడికి పోయిందో దేవుడికే తెలియాలి. రెండోసారి రాసింది దాదాపు ఇలా ఉంది:

'ఫలానా సర్వే నంబరు, ఫలానా ప్లాటు నంబరు, 200 గజాల స్థలంలో స్టిల్ట్ మీద రెండంతస్తులకు ఫలానా నంబరు అనుమతి ఉంది. ఈ నెల 12న మూడో అంతస్తు పిల్లర్లకు కడ్డీలు కట్టారు. ఉత్తరం వైపు ప్లానులో చూపిన ఖాళీకీ, ఉన్న ఖాళీకీ రెండడుగుల తేడా ఉంది. ఫోటోలు ఐదు జతచేశాం. జీహెచ్ఎంసీ చట్టం సెక్షన్ 452 కింద నోటీసు ఇచ్చి, పని వెంటనే ఆపించి, తీసుకున్న చర్య మాకు రాతపూర్వకంగా తెలియజేయగలరు.'

అంతే. 'కూల్చేయండి' అని మొదటి కాగితంలోనే రాయొద్దు. పని ఆపించమని అడగండి. అధికారికి ఆ మొదటి అడుగు వేయడం తేలిక. రెండు ప్రతులు తీసుకెళ్ళండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఇన్‌వార్డ్ స్టాంపు, నంబరు, తేదీ వేయించుకోండి. స్టాంపు లేని ఫిర్యాదు ఇచ్చినా ఇవ్వనట్టే. 'సార్ మీటింగులో ఉన్నారు, పెట్టి వెళ్ళండి' అంటే పెట్టి రావొద్దు, ఆ పక్కనున్న పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేయండి. ఆన్‌లైన్లో కూడా ఒకటి పడేసి ఆ నంబరు రాసిపెట్టుకోండి.

సంతకం సంఘం పేరు మీద ఉంటే మంచిది. సంఘం 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరై ఉండాలి, లెటర్‌హెడ్ మీద ఆ నంబరు ఉండాలి, తీర్మానం కాపీ జతచేయాలి. దీని వెనక ఒక చేదు నిజం ఉంది. బిల్డర్లను బెదిరించి డబ్బు గుంజడానికే ఫిర్యాదులు పెట్టేవాళ్ళు ప్రతి సర్కిల్‌లో ఉన్నారు. ఆఫీసువాళ్ళు మిమ్మల్ని కూడా మొదట ఆ కళ్ళతోనే చూస్తారు. ఇరవై ఇళ్ళ సంతకాలు ఆ అనుమానాన్ని కొంత తగ్గిస్తాయి. ఇంకో మాట: 'సంఘం భవనానికి చందా ఇస్తాం, ఇక్కడితో వదిలేయండి' అని కబురు వస్తుంది. తీసుకున్నారా, ఆ సంఘం పని అయిపోయినట్టే.

నోటీసు వెళ్ళాక ఏం జరుగుతుంది

రేపు పొద్దున్నే జేసీబీ వస్తుందని ఎదురుచూడకండి. మొదట షోకాజ్, దానికి జవాబు, తర్వాత కారణాలు రాసిన తుది ఉత్తర్వు. బీపాస్ చట్టంలో తప్పుడు ధ్రువీకరణ ఇచ్చినవాళ్ళ కట్టడాన్ని నోటీసు లేకుండానే తీసేసే వీలు పెట్టారు కానీ, 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు కూల్చివేతలపై కచ్చితమైన వరస చెప్పింది: కనీసం 15 రోజుల నోటీసు, వాదన వినడం, తుది ఉత్తర్వు తర్వాత మళ్ళీ 15 రోజులు. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు లాంటి బహిరంగ స్థలాల్లో అక్రమ కట్టడాలకు మాత్రం ఈ రక్షణ లేదంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, పార్కు గొడవలో పనికొస్తుంది.

ఈ లోగా బిల్డరు చేసే పని ఒకటే: పగలు ఆపి రాత్రి కట్టడం, త్వరగా సున్నం వేసి ఇద్దరు అద్దెవాళ్ళను దింపడం. మనుషులు చేరిన ఇంటిని ఖాళీ చేయించాలంటే ఎవరికైనా చెయ్యి వెనక్కి పోతుంది. అందుకే పని ఆపమన్న నోటీసు తర్వాత ఒక్క ఇటుక పడినా ఫోటోతో రెండో కాగితం పెట్టండి. అదే రోజు, అదే ఇన్‌వార్డ్ కౌంటర్లో.

కరెంటు, నీళ్ళ వైపు కూడా నొక్కవచ్చు. నేను ముందు చెప్పిన మీరట్ తీర్పులోనే, ప్లాను ప్రకారం కట్టారని ఇచ్చే కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూపిస్తేనే కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలని ఉంది. నోటీసు కాపీ జతచేసి విద్యుత్ పంపిణీ సంస్థ సెక్షన్ ఆఫీసుకు, జలమండలికి ఒక్కో ఉత్తరం ఇవ్వండి. అంతస్తు కూలకపోయినా ఆ ఫ్లాట్లు అమ్ముడుపోవడం కష్టమవుతుంది. బిల్డరు భాష అది, వెంటనే అర్థమవుతుంది.

'ఇంటి నంబరు వచ్చింది, ట్యాక్స్ కడుతున్నాం, ఇక అక్రమం ఎట్లవుతుంది' అని దబాయిస్తారు. పన్ను వేసినంత మాత్రాన కట్టడం సక్రమం కాదు. 'బీఆర్ఎస్‌లో పెట్టేశాం' అనేది ఇంకో పాట. ఇది పార్టీ పేరు కాదు, 2015లో వచ్చిన భవనాల క్రమబద్ధీకరణ పథకం. ఆ ఏడాది అక్టోబర్ 28 లోపు కట్టినవాటికే అది. నిన్న పోసిన స్లాబుకు దానితో సంబంధమే లేదు.

సమాచార హక్కు: 'ఎందుకు' అని అడగొద్దు

రెండు వారాలైనా కదలిక లేకపోతే పది రూపాయల దరఖాస్తు పెట్టండి. చాలామంది 'అక్రమ కట్టడంపై ఎందుకు చర్య తీసుకోలేదు' అని రాస్తారు. దానికి జవాబు రాదు, ఎందుకంటే ఆ చట్టం కింద ఇచ్చేది రికార్డులో ఉన్న కాగితం మాత్రమే, సంజాయిషీ కాదు. ఇలా అడగండి: ఫలానా ప్లాటుకు ఇచ్చిన అనుమతి పత్రం, ప్లాను నకలు, ఫలానా తేదీన ఫలానా ఇన్‌వార్డ్ నంబరుతో ఇచ్చిన మా ఫిర్యాదుపై ఫైలులో రాసిన నోట్ల నకళ్ళు, జారీ చేసిన నోటీసుల నకళ్ళు, సైటు తనిఖీ చేసిన తేదీలు, నివేదికలు.

ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. 'మూడో వ్యక్తి సమాచారం' అని తిరగ్గొడితే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. మా అనుభవంలో మొదటి దరఖాస్తు చేసిన పని సమాచారం ఇప్పించడం కాదు, ఫైలు కదిలించడం. తనిఖీ తేదీలు అడిగిన వారానికి తనిఖీ జరిగింది.

సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్ళొచ్చు. అక్కడ మీ మాట వినేది రెండు నిమిషాలు. స్టాంపు కాపీలు, ఫోటోలు ఒకే ఫైలులో, పైన అరపేజీ సారాంశం పెట్టుకుని వెళ్ళండి.

పార్కు స్థలమైతే దారి వేరు

పక్కింటి అంతస్తు మీ గాలీ వెలుతురూ తింటుంది, పార్కు పోతే కాలనీ మొత్తం పోయినట్టే. నన్నడిగితే సంఘం బలమంతా ఇక్కడ పెట్టాలి.

లేఅవుట్ కాపీ తీసి చూడండి. ఆమోదం పొందిన లేఅవుట్ అయితే రోడ్లు, పార్కు స్థలాన్ని స్థానిక సంస్థ పేర గిఫ్ట్ డీడ్ చేసి ఉంటారు. దాని నకలు తీసుకుని పెట్టుకోండి. అది ఉంటే మీరు సగం గెలిచినట్టే. లేఅవుట్ ఇంకా కొత్తదై, డ్రైన్లూ లైట్లూ పూర్తికాకపోతే ఇంకో తాళం కూడా మీ చేతిలో ఉంది. పనులు పూర్తిచేసేదాకా డెవలపరు 15 శాతం ప్లాట్ల విస్తీర్ణాన్ని తనఖా పెట్టి ఉంటాడు. 'పనులు కాలేదు, తనఖా విడిపించొద్దు' అని ఫోటోలతో, లేఅవుట్లకు అనుమతి ఇచ్చే హెచ్‌ఎండీఏకు రాయండి. తనఖా విడిపోయాక ఆ డెవలపరు ఫోను ఎత్తడు.

కష్టమంతా పంచాయతీ రోజుల్లో వేసిన లేఅవుట్లతో. గిఫ్ట్ డీడ్ ఉండదు. రెవెన్యూ రికార్డులో ఆ స్థలం ఇంకా పాత పట్టాదారు పేరనే ఉండొచ్చు, ముప్పై ఏళ్ళకు వాళ్ళ మనవడు గుంటల లెక్కన అమ్మేస్తాడు. ఇంకో పద్ధతి బై నంబర్లు. లేఅవుట్లో 45 తర్వాత 46 ఉంటుంది, మధ్యలో పార్కు. ఒకరోజు 45ఎ, 45బి అని రెండు ప్లాట్లు పుడతాయి, రిజిస్ట్రేషన్ కూడా అయిపోతుంది. కాబట్టి ఏడాదికోసారి పార్కు సర్వే నంబరు మీద, పక్క ప్లాటు నంబర్ల మీద ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించి చూడండి. కొత్త లావాదేవీ కనపడితే ఆ రోజే కాగితం పెట్టండి.

ఇలాంటివాటికి హైడ్రా ఉంది. 2024 జులైలో వచ్చిన ఈ సంస్థ ఔటర్ రింగు రోడ్డు లోపలి చెరువులు, నాలాలు, పార్కులు, రోడ్లు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు చూస్తుంది. బుద్ధభవన్‌లో సోమవారాలు ఫిర్యాదులు తీసుకుంటారు. పక్కింటి అదనపు అంతస్తు పట్టుకుని అక్కడికి వెళ్తే మాత్రం తిరిగి సర్కిల్ ఆఫీసుకే పంపుతారు.

చెరువు పక్క కాలనీ అయితే బఫర్ అంకెలు, అంటే కట్టడం లేకుండా వదలాల్సిన దూరాలు, రాసిపెట్టుకోండి: పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు నిలిచే) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపు అయితే 2 మీటర్లు.

కాలనీవాళ్ళకు పార్కు గురించి అడిగే హక్కెక్కడిది అని ఎవరైనా వాదిస్తే, 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు చాలు. బెంగళూరులో పార్కు స్థలాన్ని ఒక ప్రైవేటు ఆస్పత్రి కోసం ట్రస్టుకు కేటాయిస్తే అక్కడి నివాసులే కోర్టుకెళ్ళారు, కేటాయింపు చెల్లలేదు.

ఇళ్ళ మధ్యలో వ్యాపారం, మాస్టర్ ప్లాన్ మార్పు

నివాస జోన్‌ను వాణిజ్య జోన్‌గా మార్చాలని ఎవరైనా దరఖాస్తు పెడితే పత్రికల్లో ప్రకటన వస్తుంది. అభ్యంతరాలకు గడువు సాధారణంగా 15 రోజులే. ఆ ప్రకటన లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో సర్వే నంబర్లతో ఉంటుంది, మన వీధి పేరు అందులో ఉండదు. అందుకే మీ కాలనీ సర్వే నంబర్లు సంఘంలో ఇద్దరికైనా నోటికి రావాలి. హైదరాబాద్ శివారుకు 2013లో నోటిఫై చేసిన 2031 మెట్రోపాలిటన్ ప్లాను ఉంది, మీ సర్వే నంబరు ఏ జోన్ రంగులో ఉందో ముందే చూసి పెట్టుకోండి.

కోర్టు ఎప్పుడు

స్టాంపు వేసిన ఫిర్యాదులు రెండు, సమాచార హక్కు జవాబు ఒకటి చేతిలో లేకుండా లాయరు దగ్గరికి వెళ్ళొద్దు. ఫిర్యాదుపై అధికారులు కదల్లేదని చూపిస్తేనే హైకోర్టులో రిట్‌కు ఆధారం. చాలాసార్లు కోర్టు 'ఫిర్యాదును ఇన్ని వారాల్లో తేల్చండి' అని ఆదేశిస్తుంది. ఇంతేనా అని నిరాశపడకండి, ఆ గడువు తేదీ మీకు ఇకనుంచి ఆయుధం. బిల్డరు ముందే సివిల్ కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకుంటాడన్న అనుమానం ఉంటే, మీ మాట వినకుండా స్టే ఇవ్వొద్దని కోర్టులో కేవియట్ వేయించండి, 90 రోజులు పనిచేస్తుంది.

ఆంధ్రలో ఉన్నవాళ్ళకు

వరస ఇదే, పేర్లు వేరు. అనుమతులు ఏపీడీపీఎంఎస్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఉంటాయి, నిబంధనలు 2017 నాటి జీవో 119. మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శి ఉంటారు, మొదటి కాగితం అక్కడ ఇచ్చి మున్సిపల్ కమిషనర్‌కు కాపీ పెట్టండి. సోమవారం అర్జీల కార్యక్రమాన్ని అక్కడ పీజీఆర్ఎస్ అంటారు.

గెలిచాక

పార్కు కాపాడుకున్నారనుకుందాం. మర్నాడే కడీలు పాతించి ఫెన్సింగ్ వేయమని మున్సిపాలిటీకి రాయండి, వాళ్ళు చేసేలోగా వాళ్ళ అనుమతితో సంఘం ఖర్చుతో బోర్డు పెట్టండి: సర్వే నంబరు, విస్తీర్ణం, గిఫ్ట్ డీడ్ నంబరుతో. గానుగ, వేప నాటండి. ఖాళీగా కనపడితే ఆరునెలల్లో ఎవరో ఒకరు ఇసుక కుప్ప పోస్తారు, ఆ ఇసుక పక్కన గుడిసె లేస్తుంది.

అన్ని కాగితాలూ ఒక ఫైలులో పెట్టి, స్కాన్ చేసి ముగ్గురి దగ్గర ఉంచండి. మా దగ్గర పాత కార్యదర్శి అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్తూ ఫైలు బీరువాలో పెట్టి తాళం వేసుకుని వెళ్ళారు. ఆర్నెల్లు ఆ గిఫ్ట్ డీడ్ నంబరు కోసం వెతికాం. కార్యవర్గం మారిన రోజున ఫైలు అప్పగించి, పేజీల లెక్క రాసి, తీసుకున్నవాళ్ళ సంతకం పెట్టించుకోండి.